నీలాలరేవు గైడు అరువు తాత

నీలాలరేవులో పాత కట్టడాలు చూపించే గైడు వరహాలు, నోరు తెరిస్తే గొప్పలే చెప్పేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్న పది పన్నెండు మందిని వెంటబెట్టుకుని ఊరంతా నడిపించేవాడు.

ఒకప్పుడు ఆ ఊళ్ళో దొరల నీలిమందు ఫ్యాక్టరీ ఉండేది. కూలీలు నడుములోతు దిగి నీలిరసం చిలికిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. వరహాలు మాత్రం, "ఇవి దొరసానుల స్నానాల తొట్లు. రోజూ పన్నీరుతో నింపేవారు" అనేవాడు.

"మరి అడుగున ఈ నీలం మరకలేమిటి?" అని ఒకాయన అడిగాడు.

"దొరసానుల కళ్ళు నీలం కదండీ" అన్నాడు వరహాలు తడుముకోకుండా.

ఒక ఆదివారం ఆ గుంపులో సన్యాసమ్మ అనే పెద్దావిడ చేరింది. ఆమె మారిషస్‌లో చరిత్ర టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆమె వంశంలో మొదట ఓడెక్కిన పోలయ్య ఈ రేవు నుంచే వెళ్ళాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వెనకే నెమ్మదిగా నడుస్తూ అన్నీ వింటూ వచ్చింది.

రేవు పక్కనున్న గోడౌను దగ్గర వరహాలు ఆగాడు. దానికి ఇనపతలుపు, చేతికందనంత ఎత్తులో చిన్న కిటికీలు ఉన్నాయి.

"ఇది ఓడెక్కే కూలీల విడిది. పెళ్ళికొడుకుల్లా చూసుకునేవారు. రోజూ బూరెలు, సాగనంపడానికి మేళతాళాలు. తలుపు మీద ఈ పేరు చూడండి, గొడుగుల అప్పలస్వామి. స్వయానా మా తాతకు తాత. ఆయన చేతిమీదుగా ఓడెక్కని కూలీ లేడు."

సన్యాసమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసింది. "ఇది ఈ రేవు నుంచి మారిషస్ వెళ్ళిన మా పూర్వీకుడు పోలయ్య అక్కడి అధికారికి చెప్పుకున్న మొర. చదవనా?" అని అడిగింది.

వరహాలు ఉత్సాహంగా తలూపాడు.

"పది రోజుల ప్రయాణమని నమ్మించారు. గోడౌనులో పెట్టి తాళం వేశారు. నేను పోనని ఏడిస్తే కొట్టారు. కొట్టినవాడి పేరు గొడుగుల అప్పలస్వామి."

అందరూ వరహాలు వైపు తిరిగారు.

"నిజం చెప్తానమ్మా. ఆయన మాకేమీ కాడు. పేరు దర్జాగా ఉందని కలుపుకున్నాను. మా నాన్న గాజులమ్ముకుంటూ ఈ ఊరొచ్చాడు."

"పోయినసారి మా అత్తగారికి ఆయన ఫోటో కూడా చూపించారటగా?" అన్నాడొకాయన.

"అది పాత సామాన్ల కొట్లో కొన్నదండీ" అన్నాడు వరహాలు నీరసంగా.

అంతా పగలబడి నవ్వారు. సన్యాసమ్మ నవ్వలేదు.

"ఆయన మీకేమీ కాకపోతే సంతోషమే బాబూ. కానీ దెబ్బలు తిన్న మా పోలయ్యను పెళ్ళికొడుకును చేశావు. ఇన్నాళ్ళూ ఎంతమందికి చెప్పావో, ఆ మాట ఎలా వెనక్కి తీసుకుంటావు?"

వరహాలు ఆమె ఎదుటికి వచ్చాడు. "అసలేం జరిగిందో మీరే చెప్పండమ్మా" అంటూ నేలమీద కూర్చున్నాడు.

ఆమె చెప్పింది. మన తీరంలో నీలిరంగు వేసిన బట్టలిచ్చి వర్తకులు ఆఫ్రికాలో మనుషులను కొనేవారు. మారిషస్ చెరకుతోటల్లో బానిసలు గొడ్డుచాకిరీ చేసేవారు. ఆ బానిసత్వం రద్దయ్యాక, అదే పనికి ఒప్పందాల పేరుతో మనవాళ్ళను ఓడల్లో తీసుకుపోయారు. వింటున్న వరహాలు తల ఎత్తలేదు.

మరుసటి ఆదివారం అతను ఆ ఇనపతలుపు దగ్గర పోలయ్య కథ ఉన్నదున్నట్టు చెప్పాడు. తెలియనిది అడిగితే "నాకు తెలీదండీ" అన్నాడు. ఆ మాట అతనికి మొదట్లో సరిగ్గా నోరు తిరగలేదు. పోనుపోను అలవాటైంది.

నీతి: గతాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. గొప్ప కోసం దానికి రంగులద్దితే మనం నవ్వులపాలవడమే కాదు, ఆనాడు బాధపడ్డవాళ్ళకు మళ్ళీ అన్యాయం చేసినవాళ్ళమవుతాం.