ఉప్పుకనుమ ముద్ర

నల్లగట్టుకు ఇటుపక్క అడవి సింహానిది, అటుపక్క అడవి ఏనుగుది. గట్టు మీద గోడ లేదు, కంచె లేదు. గడ్డి రెండువైపులా ఒకేలా పెరుగుతుంది. అయినా సరిహద్దు సరిహద్దే. అటు వెళ్ళాలన్నా ఇటు రావాలన్నా ఉప్పుకనుమ దగ్గర కాపలా చావడికి వెళ్ళాలి. పేరు, పని, ఎన్నాళ్ళు ఉంటారో చెప్పి భుజం మీద ఎర్రమట్టి ముద్ర వేయించుకోవాలి. పచ్చిమేత వెంట తీసుకెళ్ళకూడదు, దాంతోపాటు పురుగు వస్తుంది. మంచులో దారి తప్పి దాటినవాళ్ళు ఎదురైన మొదటి కాపలావాళ్ళకు తామే చెప్పుకోవాలి.

కొండమేక ఎర్రక్క చెల్లెలు అటుపక్క అడవిలో ఉంటోంది. తొలిచూలు. రోజులు దగ్గరపడ్డాయని కబురు అందగానే ఎర్రక్క బయలుదేరింది. ఉప్పుమట్టి నాకడానికి ఏటా అటు వెళ్ళే అడవిదున్న కోటయ్య తోడొచ్చాడు.

గట్టు ఎక్కేసరికి దారి పక్క బండ మీద నక్క జంబయ్య కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికి వదినా, అంత ఆయాసపడుతూ?"

ఎర్రక్క చెప్పింది. జంబయ్య నాలుక చప్పరించాడు.

"ఉప్పుకనుమ ఇంకో పూట నడక. చెల్లెలు అక్కడ నొప్పులు పడుతుంటే నువ్వు ముద్ర కోసం వరసలో నిలబడతావా? ఈ వాగులోకి దిగామంటే గంటలో అటుపక్క ఉంటాం. నెలకు నాలుగుసార్లు పోతాను. ఇంతవరకు నన్ను అడిగినవాడు లేడు."

"అడగలేదంటే తప్పు కాదని కాదు, ఇంకా దొరకలేదని," అన్నాడు కోటయ్య.

"ఏదీ, ఆ గీత ఈ గడ్డి మీద చూపించు మామా. చూపిస్తే నీ వెనకే వస్తాను."

"గీత గడ్డి మీద ఉండదురా. ఇద్దరు రాజులు ఇచ్చుకున్న మాటలో ఉంటుంది. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అన్నట్టు నీకే ఎందుకు వేరే దారి?"

ఎర్రక్క ఇద్దరి వంకా చూసింది. "మామా, నువ్వు కనుమ మీదుగా రా. చెల్లెలికి నేను తప్ప ఎవరున్నారు? నేను వాగులోనే పోతాను."

కోటయ్య ఆపలేదు. "పోతే పో. ఎవరైనా ఎదురైతే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు," అని తన దారిన తాను నడిచాడు.

జంబయ్యకు కావలసింది అదే. అటుపక్క వాగులో పీతలు బాగా బలిశాయి. కాపలావాళ్ళు ఎదురైతే ముందు నడిచే మేక దొరుకుతుంది, వెనకున్న తాను జారుకోవచ్చు.

గంటలో అన్న దారి సాయంత్రం దాకా పట్టింది. వానకు రాళ్ళు నాచుపట్టి ఉన్నాయి. ఎర్రక్క రెండుసార్లు మోకాళ్ళ మీద పడింది. చివరికి అటుపక్క పొదల్లోంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా ఎలుగుబంటి భల్లమ్మ నిలబడి ఉంది. ఏనుగురాజు కాపలా ఆమెదే.

వెనక్కి మళ్ళబోయిన జంబయ్య పొదల్లో ఇంకో ఇద్దరు కాపలావాళ్ళను చూసి ఆగిపోయాడు. వెంటనే నవ్వు పులుముకున్నాడు.

"నేను ఇక్కడివాడినే తల్లీ. చింతలోయ మాది. ఈ మేక దొంగదారిన వస్తుంటే పట్టుకుని మీ దగ్గరికే తెస్తున్నాను."

ఎర్రక్క తల ఎత్తింది.

"నేను అటుపక్కదాన్నమ్మా. ముద్ర లేదు. దారి తప్పి కాదు, తెలిసే వచ్చాను. మా చెల్లెలు ఈనబోతోంది, ఆగలేకపోయాను. తప్పు నాదే."

భల్లమ్మ ఆమె మోకాళ్ళ మీది రక్తం చూసింది. తర్వాత నక్క వైపు తిరిగింది.

"చింతలోయా నీది? మంచి సమయానికి దొరికావు. వానలు తగ్గేదాకా చింతలోయ వాళ్ళు కొండకాలువ పూడిక తీయాలి, ఇంటికొకరు. ఒకరు తక్కువయ్యారని పొద్దున్నే కబురొచ్చింది. పద."

జంబయ్య మొహం వాడిపోయింది. "పూడికా? అసలు సంగతేమిటంటే తల్లీ... నేను కూడా అటుపక్కవాడినే."

"అలాగా. ముద్ర ఏదీ?"

జంబయ్య ముద్ర లేని భుజాన్ని తోకతో కప్పుకోబోయాడు.

"ఇక్కడివాడివైతే పూడిక. అక్కడివాడివైతే దొంగచాటుగా దాటినందుకు, కాపలాకు అబద్ధం చెప్పినందుకు కూడా శిక్ష. దేన్ని ఒప్పుకుంటావో నువ్వే చెప్పు."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. జంబయ్య తోక ముడిచి అన్నాడు, "చింతలోయే తల్లీ."

భల్లమ్మ ఎర్రక్కను ఉప్పుకనుమ దాకా నడిపించుకుపోయింది. ముద్ర వేయించి, తెలిసి దాటినందుకు ఈసారి వెళ్ళిపోయాక ఏడాదిపాటు మళ్ళీ ఇటు రాకూడదని చెప్పి చెల్లెలి దగ్గరికి పంపింది. ఎర్రక్క చేరేసరికి చెల్లెలు రెండు పిల్లల్ని కని ఒకరోజైంది. ముందురోజే అక్కడికి వచ్చిన కోటయ్య వాకిట్లో కాపలాగా పడుకుని నెమరు వేస్తున్నాడు. "నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూసింది," అన్నాడు అంతే. ఎర్రక్క తల వంచుకుని లోపలికి వెళ్ళి పిల్లల్ని నాకింది.

జంబయ్య వానాకాలమంతా నడుంలోతు బురదలో పూడిక తీశాడు. పని అయ్యాక ఇంటికి పోదామంటే వాగుదారిలో ఇప్పుడు కాపలా ఉంది, సరేనని ఉప్పుకనుమకు వస్తే సింహం తరఫు కాపలాదారు ఆపాడు. "నువ్వు ఇక్కణ్ణుంచి వెళ్ళినట్టు ముద్ర లేదు. చింతలోయవాడినని నీ నోటితోనే చెప్పావట. అక్కడే ఉండు."

అడ్డదారి కాళ్ళకు దగ్గర, ఇంటికి దూరం.