చార్జింగు మిషను దగ్గర గేదె వంతు

అప్పలకొండ ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట ఊరివాళ్ళెవరూ అనలేదు గానీ, అప్పలకొండే రోజూ చెప్పుకునేవాడు. "మా ఇంట్లో తెలివి పొయ్యి మీద పాలల్లే పొంగిపోతుంది. మూత పెట్టినా ఆగదు" అనేవాడు. భార్య నూకాలమ్మ, తమ్ముడు పైడయ్య అవునవునని తలలూపేవాళ్ళు. ఏదైనా చెబితే చెప్పింది చెప్పినట్టే చేస్తారు, సొంతంగా పిసరంత కూడా కలపరు. అదీ వాళ్ళ గొప్ప.

వాళ్ళకి హైవే పక్కన కాస్త జాగా ఉంది. ఒక ఇంజనీరు వచ్చి అక్కడ రేకుల నీడ వేయించి, కరెంటు కార్లకి చార్జింగు మిషను పెట్టించాడు.

"ముందుముందు ఈ రోడ్డు మీద తిరిగేవన్నీ ఈ కార్లే. ఆదివారం మళ్ళీ వస్తాను. ఆలోగా ఒక్క కారైనా చార్జింగు పెట్టుకుని వెళ్తే ఇంకో నాలుగు మిషన్లు మీకే. లేదంటే దీన్నీ పీకించి పక్క ఊరికిచ్చేస్తాను. రెండే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ముందొచ్చినవాళ్ళకి ముందు. మిషను మీద నూరు చూపించేదాకా ప్లగ్గు తీయకూడదు" అని చెప్పి వెళ్ళాడు.

నాలుగు మిషన్లొస్తే పక్కనే టీ కొట్టు పెట్టాలని నూకాలమ్మ ఆశ. అప్పుడే గాజు గ్లాసులు కూడా కొనేసింది.

ఆదివారం వచ్చేసింది. కారు మాత్రం రాలేదు. నీడ బాగుందని వాళ్ళ గేదె వచ్చి మిషను ముందు నిలబడింది. అంతలో నిజంగానే ఒక కారొచ్చింది. అందులోంచి పట్టుచీర కట్టుకున్న ఒకావిడ కంగారుగా దిగింది.

"బాబూ, మా చెల్లెలి పెళ్ళి. కాస్త ఆ గేదెని పక్కకి తోలండి."

"ఎలా తోలుతామండీ? అది మీకన్నా ముందొచ్చింది" అన్నాడు అప్పలకొండ.

"గేదెకి చార్జింగేమిటండీ!"

"ఆ సంగతి అది చూసుకుంటుంది. వరుసంటే వరుసే."

"అన్నయ్యా, దాని కడుపు నిండితే అదే పోతుంది" అన్నాడు పైడయ్య.

ఇంకేముంది! గడ్డి పెట్టారు, చిట్టు పెట్టారు, కుడితి పెట్టారు. గేదె అంతా తిని, నెమరేస్తూ అక్కడే పడుకుంది. "ఇదిగో, నిండిపోయింది!" అని పైడయ్య చప్పట్లు కొట్టాడు. ఆవిడ నెత్తి కొట్టుకుని, కారుని అవతలి పక్కకి తిప్పి, తనే ప్లగ్గు పెట్టుకుంది.

(పిల్లలూ, నవ్వితే నవ్వండి గానీ, తడి చేతులతో ప్లగ్గులు ముట్టుకోకండి. గేదె సంగతి ఎలా ఉన్నా అది మాత్రం వినండి.)

ఎనభై చూపించగానే ఆవిడ, "చాలు, తీసేయండి. ముహూర్తం దాటిపోతోంది" అంది.

పైడయ్య కారుకి అడ్డం నిలబడ్డాడు. "నూరు చూపించాలండి!"

తొంభై అయింది. తొంభై తొమ్మిది అయింది. అంతే, కరెంటు పోయింది! మిషను మొహం నల్లబడింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఓరి దొంగా, నీ పెళ్ళికి గేదె కూడా రాదు!" అని పైడయ్యకి శాపం పెట్టి ఏడుపు మొదలెట్టింది.

నూకాలమ్మకి జాలేసింది. "నూరు చూపించాలి, అంతే కదా?" అని ముగ్గుపిండి తడిపి, మిషను అద్దం మీద వేలితో 'నూరు' అని పెద్దగా రాసింది. "వదినా, ఏం తెలివి!" అన్నాడు పైడయ్య. ప్లగ్గు తీశారు. ఆవిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అదే సమయానికి ఇంజనీరు తన కారులో వచ్చాడు. ఎదురుగా వెళ్తున్న కారుని చూసి పొంగిపోయాడు.

"శభాష్! నాలుగు మిషన్లూ మీవే. నా కారులోనూ చార్జింగు అయిపోవచ్చింది, కరెంటు రాగానే పెట్టండి. ఇక్కడ నేల వాలుగా ఉంది, కారు ఒక్క అంగుళం కూడా కదలకూడదు. కొత్త మిషన్లొచ్చే నాలుగు చోట్లా గుర్తులు పెట్టండి. ఎవరూ పీకలేనంత గట్టిగా ఉండాలి" అని, అన్నం తిని వాళ్ళింట్లో మంచమ్మీద వాలాడు.

సాయంత్రం లేచి వచ్చేసరికి మిషను నిజంగానే నూరు చూపిస్తోంది. కారు ఇటుకల మీద కూర్చుని ఉంది. చక్రాల్లేవు.

"నా చక్రాలేవయ్యా?"

అప్పలకొండ గర్వంగా చూపించాడు. నాలుగు గుంతలు, నాలుగింటి నిండా సిమెంటు. ఒక్కో దాంట్లో ఒక్కో చక్రం సగందాకా పాతుకుని ఉంది.

"కారు కదల్లేదు. గుర్తులు ఊడవు. రెండు పనులూ ఒకేసారి అయిపోయాయి బాబూ!"

ఇంజనీరు ఒక చక్రం పట్టుకుని గుంజాడు. కదల్లేదు. రెండోది గుంజాడు. చొక్కా చిరిగింది.

"ఈ మిషను పీకించేస్తాను! ఇప్పుడే పట్నం వెళ్ళి మనుషుల్ని తెస్తాను!" అని అరిచాడు.

"అలాగే బాబూ, వెళ్ళిరండి. నూరు నిండింది కదా" అంటూ పైడయ్య కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఇంజనీరు కారుని చూశాడు. చక్రాలని చూశాడు. గేదె పక్కన చతికిలబడి, "అమ్మా, కాస్త టీ అయినా ఇస్తావా?" అన్నాడు నీరసంగా.

నూకాలమ్మ మొహం వెలిగిపోయింది. కొత్త గ్లాసులో పొగలు కక్కే టీ తెచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. ఆవిడ గ్లాసు వెనక్కి లాక్కుంది.

"ఉండండి బాబూ, ముందు గేదెకి పోసొస్తాను. అది మీకన్నా ముందొచ్చింది."