చిలక అడిగిన మిగతా సగం

వరస తప్పుతానేమో పిల్లలూ. తాబేలు ముందో, సముద్రాలు ముందో ఈమధ్య నాకు తికమకగా ఉంటోంది. కథను మాత్రం గట్టిగానే పట్టుకున్నాను, వినండి.

అనగా అనగా గంధవరాన్ని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పాడతాడు, నడిమివాడు ఆడతాడు, కడగొట్టువాడు మణికేతు తోలుబొమ్మలాడిస్తాడు. ఏడు సముద్రాల అవతల ఉండే కంకాళుడనే మాంత్రికుడు పెద్దవాణ్ణి పాడమని పిలిచాడు, తిరిగి రాలేదు. నడిమివాణ్ణి ఆడమని పిలిచాడు, తిరిగి రాలేదు. మూడో పిలుపు మణికేతుకు వచ్చింది. అన్నల కోసం బయల్దేరాడు.

ఒడ్డున ముసలి తాబేలు కనిపించింది. "తాతా, దాటిస్తావా?"

"సముద్రానికో గంప నాచు పెట్టు. తిరుగు ప్రయాణానికి వేరే."

"అదేమిటి తాతా! కథల్లో జంతువులు ఊరికే సాయం చేస్తాయిగా?"

"వాటికి కడుపుల్లేవేమో. నాకుంది."

మణికేతు నవ్వి నాచు కోసి పెట్టాడు. కానీ ఊరుకోలేకపోయాడు. "సముద్రానికి ఒక్క గంపే ఎందుకడిగావు తాతా?"

"నా ఆకలెంత, నీ దూరమెంత, నీ చేతనయ్యేదెంత, మూడూ చూసుకున్నాను. కూలెంతని మాంత్రికుడు అడిగితే మీ పెద్దన్న 'తమ చిత్తం' అన్నాడు. నడిమన్న 'నీ రాజ్యమంతా కావాలి' అన్నాడు. ఇద్దర్నీ రాళ్లు చేశాడు."

ఏడు సముద్రాలూ దాటి వెళ్తే, కంకాళుడి కొలువు నిండా రాతిబొమ్మలే. "ఏమిమ్మంటావు?" అన్నాడు మాంత్రికుడు.

"దీపానికి నూనె, నాకు పూటబత్తెం, తాబేలుకు నాచు, మా అన్నలిద్దరు."

"అమ్మో, ఎక్కువ!"

"అయితే నూనెకూ బత్తానికీ సగం ఆట చూడండి."

తేరగా వచ్చిందనుకుని కంకాళుడు సరేనన్నాడు. తెర మీద రాకుమారి బావిలోకి తొంగిచూసింది. బావిలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. మణికేతు దీపం ఆర్పేశాడు.

"తర్వాతేమైంది?" అని మూలనున్న పంజరంలోంచి చిలక అరిచింది.

"సగం అయిపోయింది చిలకమ్మా."

చిలక జామపండు ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. అది వాడుతుంటే కంకాళుడూ వాడిపోతున్నాడు. వాడి ప్రాణం దాన్లోనే ఉంది మరి!

"నన్ను చంపుతావా?" అన్నాడు కంకాళుడు.

"ఆడటానికొచ్చాను, చంపడానికి కాదు. నా కూలి ఇయ్యి. మిగతా సగానికి మద్దెల కావాలి, అదిగో ఆ రాతిబొమ్మల్లో మద్దెల పట్టుకున్న పిల్లను కూడా లేపు."

అన్నలు లేచారు. మద్దెలపిల్ల చంద్రవంక కళ్లు తెరుస్తూనే, "నా వంతెంత?" అంది.

"వచ్చినదాంట్లో సగం," అన్నాడు మణికేతు. ఆ మాటతోనే మనసిచ్చేశాడు.

బావిలోంచి లేచిన చెయ్యి రాకుమారి జారవిడుచుకున్న గాజును అందించింది. చిలక కిలకిలా నవ్వి, "రేపేం ఆట?" అంది. ఇక కంకాళుడికి తప్పుతుందా! రాతిబొమ్మల్లో రోజుకొకరిని లేపి, కూలి ముందే మాట్లాడుకుని, ఆట చూసి, ఆ కూలి చేతిలో పెట్టి ఇంటికి పంపాడు.

తాబేలుకు నాచు పెట్టి అందరూ గంధవరం చేరాక మణికేతు, చంద్రవంకల పెళ్లి ఘనంగా జరిగింది. ఆ పెళ్లిలో వాయించేవాళ్లకు ఎంత కావాలో పెళ్లికొడుకే ముందుగా అడిగి తెలుసుకున్నాడు. ఆ ఆలుమగలు గంధవరాన్ని చల్లగా ఏలినన్నాళ్లూ అక్కడ ఆడేవాళ్లెవరూ "తమ చిత్తం" అనలేదు.

వదినా, నువ్వూ వింటున్నావుగా, ఇది మీ అమ్మ చెప్పిన కథే కదా. ఆ పిల్ల చంద్రవంకేనా, ఇంకెవరైనానా? పేర్లొకసారి సరిచూసి పెట్టు.