పుక్కిట పట్టిన నీళ్లు

కూతురు తనకు దక్కకుండా పోతుందేమోనన్న భయం ఓబులేసును నెల రోజులుగా పీక్కుతింటోంది.

అతనికి కదిరిలో కరపత్రాలు అచ్చువేసే చిన్న షాపు ఉంది. ఏ సంఘం వాళ్లు పిడికిలి బిగించాలన్నా ముందు అతని గడప తొక్కాల్సిందే. ఈమధ్య ఆ కరపత్రాల రాత కూడా సెల్లులోని ఏఐకే అప్పజెప్పాడు. ఇంట్లో భార్య, ఉన్న కూరగాయలతో ఏం వండాలో దాన్నే అడుగుతుంది. అంతవరకూ బాగానే ఉంది. పదకొండేళ్ల భువన మాత్రం లెక్కలు చెప్పించుకోవడానికని మొదలుపెట్టి, ఇప్పుడు బడి నుంచి రాగానే తలుపు వేసుకుని దానితోనే కబుర్లు చెబుతోంది.

భువనకు నత్తి. ఇంట్లో ఎంత పలకరించినా ఊ, ఆ తప్ప మరో మాట ఉండదు. తలుపు అవతల మాత్రం గంటసేపు మాట్లాడుతుంది. ఓబులేసు ఒకరోజు తలుపుకు చెవి ఆనించాడు. మాటలు తెలియలేదుగానీ ఆ గొంతు ఆగకుండా సాగుతూనే ఉంది. సెల్లు లాక్కుంటే ఆ ఊ, ఆ కూడా మానేస్తుందేమో. ఊరుకుంటే మనుషుల పొత్తే మరిచిపోతుందేమో. ఎటూ పాలుపోక, ఆదివారం పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని తన గురువు లింగమ్మవ్వ దగ్గరికి పోయాడు.

అవ్వ మఠం వసారాలో కూర్చుని రాగులు చెరుగుతోంది.

"అవ్వా, నా బిడ్డను యంత్రం మింగేస్తాంది," అన్నాడు ఓబులేసు. అంతటితో ఆగితే అతను ఓబులేసు ఎందుకవుతాడు? గొంతు పెంచాడు. "యంత్రం మనిషికి పనిముట్టు కావాలిగానీ మనిషి యంత్రానికి మేత కాకూడదు! చూస్తూ ఊరుకున్న ప్రతివాడూ ఈ నేరంలో భాగస్వామే!"

అవ్వ చెరగడం ఆపింది. "మాట బలే ఉందే. ఎవరు రాసిచ్చినారు నాయనా?"

ఓబులేసు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. పోయిన వారం కరపత్రం కోసం సెల్లే రాసిచ్చింది దాన్ని.

అవ్వ పిల్లవైపు తిరిగింది. "ఏం చదువుతాండావు తల్లీ?"

"ఆ... ఆ..."

"ఆరో తరగతి అవ్వా," అన్నాడు ఓబులేసు.

"సెల్లుతో ఏం మాట్లాడతావు?"

"బ... బ..."

"బడి సంగతులంట అవ్వా. పాఠాలు, లెక్కలు..."

"నీకు నత్తి లేదని తెలిసిందిలే," అంది అవ్వ. పక్కనున్న చెంబు అందుకుంది. "నోరు తెరువు."

తీర్థం కాబోలనుకుని అతను భక్తిగా నోరు తెరిచాడు. అవ్వ నోటినిండా నీళ్లు పోసింది.

"మింగొద్దు, ఉమ్మొద్దు. పాప చెప్పేది అయ్యేదాకా పుక్కిట పట్టుకో."

బుగ్గలు ఉబ్బించుకుని కూర్చున్న తండ్రిని చూసి భువన ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తిడతాడేమోనని వెంటనే బెదురుగా చూసింది. అతను కదల్లేదు.

మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఓబులేసు దవడలు లాగుతున్నాయి. పిల్లకు అందించడానికి పది మాటలు తోసుకొస్తున్నాయి, నీళ్లు దాటి రాలేకపోతున్నాయి.

"బ... బళ్లో పద్యం చదవమన్నారు నాన్నా. అందరూ న... నవ్వినారు. నీకు చెప్దామని షాపుకు వచ్చినా. పూర్తిగా వినకుండానే భయపడకూడదు, ఎదిరించాలి అని చెప్పి, నువ్వు... నువ్వు మళ్లీ పనిలో పడినావు. నేను చెప్పాలనుకున్నది అది కాదు."

ఆగింది. ఎవరూ ఆ మాట అందుకోలేదు. అవ్వ చేటలోని రాగుల్లోంచి రాయి ఏరి పక్కన పెట్టింది.

"ఇంక ఎవరితోనూ మా... మాట్లాడకుండా ఉండిపోదామనుకున్నా. ఎప్పటికీ. మీ ఇద్దరితో గూడా. ఆ మాట సెల్లుకు చెప్పినా. అది రోజూ ఒకటే అంటాది, మీ నాన్నకు చెప్పు, మీ నాన్నకు చెప్పు అని." పిల్ల గొంతు సన్నబడింది. "నాకే... నాకే నువ్వంటే భయం నాన్నా."

ఓబులేసు కళ్లు ఆర్పకుండా కూతుర్నే చూస్తున్నాడు. ముక్కుతో ఊపిరి తీసుకోవడం కూడా కష్టమవుతోంది.

"అయిందా తల్లీ?" అడిగింది అవ్వ.

భువన తలూపింది.

"ఇంక మింగు నాయనా."

ఓబులేసుకు గుటక పడలేదు.