వరహాలమ్మ కలగాపులగం మందు

మండపేటలో రవికెలు కుట్టే వరహాలమ్మకు చేతిపని బాగా వచ్చుగాని, మనసుకు నిలకడ తక్కువ. చిన్న సందేహం వచ్చినా విషయం తెలిసినవారిని వదిలి, కంటబడ్డ వాళ్ళందరినీ అడుగుతూ ఉండేది.

ఒకసారి ఆమెకు మలంలో నెత్తురు కనబడింది. భర్త గంగరాజు హడలిపోయి, రాజమండ్రిలో డాక్టరు హైమవతిగారి దగ్గరకు తీసుకువెళ్ళాడు.

"కొలనోస్కోపీ చెయ్యాలమ్మా. పెద్దపేగులోకి సన్నని కెమెరా గొట్టం పంపి చూస్తాం. పేగు శుభ్రంగా ఉంటేనే లోపల ఏముందో కనబడుతుంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినకండి. ఈ విరేచనాల పొడి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగండి. అర్థమైందా?" అన్నారు హైమవతిగారు.

వరహాలమ్మకు సగమే అర్థమైంది. అన్నేసి నీళ్ళు తాగితే వాంతి రాదా? ఒకేసారి తాగేస్తే పోదా? అడుగుదామనుకుంది. విరేచనాల మాట ఎత్తడానికి సిగ్గేసి, తల ఊపి వచ్చేసింది.

ఆ సిగ్గు కుట్టుమిషను ముందు కూర్చోగానే ఎటు పోయిందోగాని, రవికెల కోసం వచ్చినవాళ్ళందరినీ అడిగింది.

"మా మరిదికి చిన్న సీసా మందు ఇచ్చారు వదినా. రెండు గుక్కల్లో అయిపోయింది. నీకెందుకు అన్ని నీళ్ళు?" అంది సుభద్ర.

"మా అత్తగారికి ఎనిమా ఇచ్చారు. తాగే బాధే లేదు," అంది మాణిక్యం.

పక్కింటి పేరంటాలు పిన్ని నవ్వింది. "పొడులెందుకే పిచ్చిదానా! ఆముదం పుచ్చుకో. ఖాళీ కడుపుతో ఉంటే కళ్ళు తిరుగుతాయి, కాస్త ఉప్మా తిను."

వరహాలమ్మ బుర్ర గిర్రున తిరిగింది. సుభద్ర అబద్ధం చెప్పదు. మాణిక్యమూ చెప్పదు. పిన్ని అంత పెద్దది! మరి డాక్టరుగారి మాటో?

"ఆవిడకే ఫోను చేసి అడగరాదూ?" అన్నాడు గంగరాజు.

"ఇంత చిన్నదానికి అంత పెద్దావిడను విసిగిస్తామా?" అంది వరహాలమ్మ.

చివరికి అందరి మాటా మన్నించింది. పరీక్ష ముందు సాయంత్రం ఉప్మా తింది, ఆముదం తాగింది. పైన పొడి కలిపిన నీళ్ళు రెండు గ్లాసులు తాగింది. అంతా వాంతి అయింది. 'ఆముదం ఎలాగూ పనిచేస్తుందిలే' అనుకుని తెల్లవారుజాము మందు మానేసింది.

మర్నాడు పరీక్ష సగంలోనే ఆగిపోయింది. "ఏమీ కనబడటం లేదమ్మా. మళ్ళీ రావాలి," అన్నారు హైమవతిగారు.

లోపల ఏముందో తెలియని భయంతో మళ్ళీ ఎదురుచూడాలా? వరహాలమ్మ ఏడుస్తూ జరిగిందంతా చెప్పేసింది.

హైమవతిగారు కోప్పడలేదు. "వాళ్ళు చెప్పినవాటిలో కొన్ని నిజమైన మందులే. కాని వాళ్ళ ఒళ్ళు వేరు, మీ ఒళ్ళు వేరు. మీ కిడ్నీలు కాస్త బలహీనం. ఆ చిన్న సీసా మందు మీకు మంచిది కాదు. అందుకే ఎక్కువ నీళ్ళతో తాగే పొడి ఇచ్చాను. రాత్రి పేగులోకి మళ్ళీ మురికి దిగుతుంది కనుక తెల్లవారుజామున రెండో సగం. ఇంకేమైనా అడగాలా?"

వరహాలమ్మ తల వంచుకుని, "వాంతి వస్తే ఏం చెయ్యాలమ్మా?" అంది.

"చల్లగా చేసుకుని కొంచెం కొంచెంగా తాగండి. వికారమనిపిస్తే కాసేపు ఆగండి. అప్పటికీ తగ్గకపోతే నాకు ఫోను చెయ్యండి. ఇంతే!"

ఇంతేనా! ఈ ఒక్క మాట మొదటిరోజే అడిగితే ఎంత బాగుండేది!

ఈసారి వరహాలమ్మ చెప్పినట్టే చేసింది. మధ్యలో వికారం వేస్తే ఆగి, మళ్ళీ తాగింది. పరీక్షలో పేగు గోడ మీద చిన్న కండ పెరిగి కనబడింది. హైమవతిగారు దాన్ని అక్కడికక్కడే తీసేశారు. ఆ ముక్కను ల్యాబుకు పంపితే కాన్సరు కాదని తేలింది. "వదిలేస్తే ముందుముందు ముదిరేదేమో. మంచి సమయంలో దొరికింది," అన్నారు.

గంగరాజు బల్ల మీద కూర్చుండిపోయి, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వరహాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

ఒకరికి మేలు చేసిన మందు మరొకరికి పడకపోవచ్చు. అందుకే సందేహం వస్తే సిగ్గు విడిచి, మన ఒళ్ళు చూసి మందిచ్చినవారినే అడగాలి.