దివాన్ గారి తొలిస్నానం

కంచరకోట రాజుగారికి స్నానమంటే ప్రాణం. కాగిన నీళ్ల గొట్టం, చన్నీళ్ల గొట్టం ఒకచోట కలిసి గోరువెచ్చగా ఆయన నెత్తిన పడాలి. ఆ పాళ్లు చూసే పని గవరమ్మది.

ఈమధ్య ఆమె ఎంత కుదిరించినా, స్నానం మధ్యలో నీళ్లు సలసలమంటూ పడి రాజుగారి వీపు కాలుతోంది. కారణం ఆమెకు తెలుసు. గొట్టంలోకి చన్నీళ్లు వదిలేది రోజుకు ఆ స్నానం వేళ ఒక్కసారే; సరిగ్గా అప్పుడే దివాన్ మనుషులు వాటిని ఆయన మల్లెతోటకు తిప్పుకుంటున్నారు. కానీ దివాన్ మీద చాడీ చెప్పి బతికినవాళ్లెవరు?

"దీనికి ఒళ్లు బలిసింది ప్రభూ! రేపూ కాలితే దీని చేతులు కాగులో ముంచించండి," అన్నాడు దివాన్.

"అలాగే ముంచండి బాబూ," అంది గవరమ్మ. "కాకపోతే రాజావారి ఒంటి మీద పరీక్షలెందుకు? రేపు ముందు తమరు పోసుకుని చూడండి."

రాజుగారు సరేనన్నారు. దివాన్ మొహం మాడిపోయింది. ఎవరి వీపు వాళ్లకు తీపి కదా! ఇంటికెళ్లగానే తోటవాళ్లను పిలిచి, రేపు గొట్టం ముట్టుకోవద్దన్నాడు.

మర్నాడు ఆయనకూ, తర్వాత రాజుగారికీ నీళ్లు చివరిదాకా గోరువెచ్చగానే పడ్డాయి.

"చూశారా ప్రభూ! నేను దగ్గరుంటే ఎంత బుద్ధిగా కలిపిందో!"

గవరమ్మ దణ్ణం పెట్టింది. "నిజమే బాబూ, అంతా తమరి చలవ. ఇకమీదట కూడా తమరే పూచీ ఉంటే రాజావారి ఒళ్లు కాలదు."

"బాగుంది," అన్నారు రాజుగారు. "దివాన్జీ, ఇక కాలితే కాగులో మునిగేవి నీ చేతులే."

నెల తిరక్కుండా మల్లెతోట ఎండిపోయింది. రాజుగారు జాలిపడి కారణం అడిగారు.

"నీటి ఎద్దడి ప్రభూ," అన్నాడు దివాన్.