బసవయ్య మాస్టారి ఎడమ చెవి

గుట్ట కింద, వాగు మలుపులో నాలుగు తెల్ల రాళ్లు పాతి ఉంటాయి. వాటి మధ్య ఉన్న చదునైన నేలే బడి. బడిలో పేరున్న పిల్లనీ, ఆ పిల్ల ఇంటివాళ్లనీ అడవిలో ఎవరూ ముట్టుకోకూడదు. ఈ కట్టుబాటుకి పులి కూడా ఒప్పుకుంది. దాని పిల్లకి చదువు చెప్పేవాళ్లు వేరే ఎక్కడా దొరకలేదు మరి.

బడి పంతులు బసవయ్య అనే ముసలి ఎద్దు. పన్నెండేళ్లు నూనె గానుగ తిప్పాడు. వయసు మళ్లిందని యజమాని వదిలేస్తే ఇటొచ్చాడు. గానుగ పోయినా నడక పోలేదు. పాఠం చెబుతూ గుండ్రంగా తిరుగుతూనే ఉంటాడు. పిల్లలు మధ్యలో కూర్చుని మెడలు తిప్పుకుంటూ వింటారు. వాన మబ్బేదో ఉత్త మబ్బేదో, వేటగాడి అడుగేదో కట్టెలు కొట్టేవాడి అడుగేదో, అన్నీ అలా తిరుగుతూనే నేర్పాడు.

ఎండలు ముదిరి బడి మూసే రోజున పిల్లలు మాస్టారికి ఏదో ఒకటి తెచ్చి ఇవ్వడం అలవాటు. ఆయన దాన్ని ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పి, కాస్త నోట్లో వేసుకుని, "బాగుంది" అంటాడు. పోయినేడు కోతిపిల్ల సగం కొరికిన జామకాయ ఇచ్చింది. ఆయన మిగతా సగం తిని "బాగుంది" అన్నాడు. కోతిపిల్ల వారం రోజులు ఆ మాటే చెప్పుకు తిరిగింది.

ఈ ఏడు తల్లిదండ్రుల సంఘానికి నక్క జంబులింగం పెద్ద అయ్యాడు. అయిన మర్నాడే అందర్నీ పిలిచాడు.

"కొరికిన జామకాయలు, ఎండిన పూలు, ఈకలు! ఇదా మనం పంతులుకిచ్చే గౌరవం? పక్క అడవి వాళ్లు వింటే నవ్విపోతారు. ఈసారి నేనే పట్టిక రాశాను. కొండయ్యా, నీది తేనెపట్టు. కొంగ ఎండుచేపలు తేవాలి. పీతలు నీటికుక్క వంతు. గంగమ్మా, బాతువి కాబట్టి రెండు గుడ్లు. చుక్కమ్మా, నువ్వూ రెండు."

ఎలుగుబంటి కొండయ్య బుర్ర గోక్కున్నాడు. "పట్టంటే మాటలా జంబులింగం? ఈ ఎండల్లో ఒక్క పట్టు దొరికితే మా ఇంటిల్లిపాదికీ అదే గతి."

"చదువు కావాలంటే ఆ మాత్రం ఉండాలి కొండయ్యా."

కోడి చుక్కమ్మ మాత్రం మెడ నిక్కించి అడిగింది. "మాస్టారు తినేది గడ్డి కదా. గుడ్లెందుకు?"

"ఇంటికి నలుగురూ వస్తుంటారమ్మా. పెట్టుకోవద్దూ?"

"గడ్డి మాట పట్టికలో లేదేం?"

"గడ్డి!" జంబులింగం చుట్టూ చూసి నవ్వాడు. ఇద్దరు ముగ్గురు మొహమాటానికి నవ్వారు. "కాళ్ల కింద మొలిచేది తెచ్చి చేతిలో పెడితే దాన్ని కానుకంటారా? వినండి. మూటలన్నీ కట్టి ఉంచండి. ఎండలో మాస్టారిని శ్రమపెట్టొద్దు, నేనే ఆయన పాకకి చేరుస్తాను. ముందుగా ఆయన చెవిన వేయకండి, వద్దంటారు. ఇంకో మాట. కానుక రాని ఇంటి పిల్ల పేరు పై తరగతి జాబితాలో ఉండదు. పేరు లేకపోతే కట్టుబాటూ ఉండదు. తరవాత నన్నని లాభం లేదు."

ఆ చివరి మాట అంటూ చుక్కమ్మ కూతురు నూకాలు వైపు ఒకసారి చూశాడు. నూకాలు తల్లి రెక్క కిందకి దూరింది.

దారిలో బాతు గంగమ్మ కుంటుకుంటూ వెనకే వచ్చింది. "ఇచ్చేద్దాం వదినా. నేను ఇచ్చేస్తా. అవి పోతే మళ్లీ పెడతాం. బడిలో ఉన్న పిల్ల పోతే ఏం చేస్తాం?"

"వచ్చే ఏడు నాలుగు అడుగుతాడు. అప్పుడు?"

"అప్పటి మాట అప్పుడు."

"నేను ఇవ్వను గంగమ్మా."

"నూకాలు పేరు కొట్టేస్తాడే! కొట్టేసిన రోజే మీ గుమ్మం ముందు కూర్చుంటాడు."

"కూర్చోనీ. నా గుడ్లు వాడి పట్టిక కోసం పెట్టలేదు."

అంది గానీ, ఇంటికెళ్లి గుడ్లు పొదుగుతూ కూర్చున్నాక చుక్కమ్మకి స్థిమితం లేదు. ఉత్త చేతులతో వెళ్తే నక్క మాటే గెలుస్తుంది. ఏదో ఒకటి ఇవ్వాలి. అది గుడ్డు కాకూడదు, అయినా మాస్టారు "బాగుంది" అనాలి. కూతుర్ని పిలిచింది.

"ఏమే, మీ మాస్టారికి ఏమిష్టం?"

"తెలీదు."

"ఏడాదంతా ఆయన్నే చూస్తూ కూర్చున్నావు కదే!"

నూకాలు ఆలోచించింది. "ఇష్టం తెలీదు గానీ అమ్మా, ఆయన ఎడమ చెవి ఆడిస్తూనే ఉంటారు. కుడిది ఆడించరు. నిన్న రెండో ఎక్కం మధ్యలో ఆపేసి, నడుస్తూనే రాయికేసి ఆ చెవి రుద్దుకున్నారు. ఎనిమిది రెళ్లు చెప్పడం మర్చిపోయారు. మేం గుర్తు చెయ్యలేదులే."

చుక్కమ్మ గుడ్ల మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. "ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"సరే. నీ ముక్కు బాగా సాన పెట్టుకో. ఆ రోజు నువ్వే ఇస్తున్నావు కానుక."

బడి మూసే రోజు వచ్చింది. మోదుగాకుల్లో చుట్టిన మూటలు తెల్ల రాయి పక్కన పేర్చారు. గంగమ్మ తన మూట పెట్టి, దాని వైపు చూడకుండా వెళ్లి దూరంగా నిలబడింది. అన్నిటికంటే పెద్ద మూట జంబులింగానిది, దూడంత ఉంది. నలుగురికీ ఆదర్శంగా ఉండాలని తెచ్చానన్నాడు.

బసవయ్య గుండ్రంగా తిరుగుతూ ఉంటే, జంబులింగం జాబితా చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ చదవగానే ఆ పిల్ల లేచి దండం పెడుతోంది.

"నూకాలు," అని ఆగాడు. "కోడి చుక్కమ్మ కూతురు. కానుక రాలేదు. కాబట్టి..."

"వచ్చింది," అంది చుక్కమ్మ.

"ఏదమ్మా? మూట కనబడదే?"

"మూటలో పట్టేది కాదు. నూకాలూ, వెళ్లు."

నూకాలు ఎగిరి మాస్టారి మూపురం మీద వాలింది. అక్కణ్నుంచి మెడ మీదుగా నడిచి, ఎడమ చెవి దగ్గర కాళ్లు తన్నిపెట్టి, తల మొత్తం లోపలికి దూర్చింది. బసవయ్య ఉలిక్కిపడ్డాడు. పిల్లలు కెవ్వుమన్నారు. నూకాలు వెనక్కి ఒక్క లాగు లాగి, వెల్లకిలా పడబోయి నిలదొక్కుకుంది. ముక్కున శనగగింజంత పిడుదు ఉంది, రక్తం తాగి ఉబ్బి. దాన్ని కింద పడేసి మళ్లీ దూరింది. ఇంకోటి. మళ్లీ ఇంకోటి.

బసవయ్య ఆగిపోయాడు.

ఆ బడి పెట్టినప్పటి నుంచి ఆయన నిలబడి ఉండగా ఎవరూ చూడలేదు. పిల్లల మెడలు అలవాటుకొద్దీ ఇంకో చుట్టు తిరిగి, మాస్టారు కనబడక వెనక్కొచ్చాయి. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు.

"బాగుంది," అన్నాడు.

"మాస్టారూ, తమరు మరీ మంచివారు," అన్నాడు జంబులింగం గొంతు సవరించుకుని. "పిడుదులు ఏరితే కానుకా? అది పట్టికలో లేదు."

"పట్టికేమిటి?" అన్నాడు బసవయ్య కళ్లు తెరిచి.

చుక్కమ్మ ముందుకొచ్చింది. "మీకు ఏమివ్వాలో ఆయన రాసిపెట్టారు మాస్టారూ. అందరూ అలాగే తెచ్చారు. అలవాటు ప్రకారం మా ఎదుట విప్పి, రుచి చూడండి."

"ఎండ, ఎండ! పాకకి నేనే..." అని జంబులింగం అడ్డు రాబోయాడు.

"ఎండ నాకు కొత్తా?" అని బసవయ్య మొదటి మూట కొమ్ముతో విప్పాడు. ఎండుచేపలు. ఆయన ముక్కుపుటాలు ముడుచుకున్నాయి. రెండోది పీతలు. వాటిలో ఒకటి ఇంకా నడుస్తోంది. మూడోది తేనెపట్టు. నాలుగోది విప్పితే బాతుగుడ్లు రెండు.

"ఇవి ఎవరు తింటారు?"

"తమరి ఇంటికొచ్చే బంధువులు," అన్నాడు జంబులింగం.

"నా బంధువులు ఆవులు నాయనా."

పులిపిల్ల పకపకా నవ్వింది. దాంతో మిగతావాళ్లకీ ధైర్యం వచ్చింది. కొండయ్య అయితే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఒక్కటి మిగిలింది మాస్టారూ," అంది చుక్కమ్మ. "పెద్దమనిషిది. అందరికీ ఆదర్శం."

"వద్దు, అది..." అనేలోగా బసవయ్య కొమ్ము తగిలి తీగ తెగింది. మూట బద్దలైంది. లోపల తేనె లేదు, చేప లేదు. మెత్తటి ఎండుగడ్డి. మూట పెద్దగా కనబడాలని పీకలదాకా కుక్కిన గడ్డి.

బసవయ్య ఒక కట్ట నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో కట్ట తీసుకున్నాడు. మధ్యలో ఎర్ర వెంట్రుకలు తగిలితే ఉమ్మేసి, మళ్లీ నమిలాడు. మూట మొత్తం అయిపోయేదాకా తలెత్తలేదు.

"నాన్నా!" అని అరిచింది జంబులింగం కూతురు సింగారి. "అది మన పడక కదా! అమ్మ ఎన్నాళ్లు పోగేసిందో! రాత్రికి ఎక్కడ పడుకుంటాం?"

జంబులింగం కూతురి నోరు మూయబోయాడు. అప్పటికే పిల్లలంతా వినేశారు.

బసవయ్య మూతి నాక్కుని అన్నాడు. "బాగుంది. ఇంతమందిలో నేనేం తింటానో తెలిసినవాడు జంబులింగం ఒక్కడే. మిగతావాళ్లు ఎవరివి వాళ్లు పట్టుకెళ్లండి. ఇవి నాకు పనికిరావు. పిల్లలందరూ పై తరగతికే. పేరు కొట్టేసే పని ఇక్కడ ఎవరికీ ఇవ్వలేదు." జాబితా మీద గిట్ట అద్ది నక్క వైపు తిరిగాడు. "వచ్చే ఏడు అందర్నీ శ్రమపెట్టకు. నువ్వొక్కడివే ఇలాంటి మూట తెచ్చెయ్. ఇంతకంటే చిన్నది తేకు, నువ్వు సంఘం పెద్దవి. అప్పటికి పిల్లలు పిడుదులు ఏరడానికి నా కుడి చెవి ఉందిలే."

గంగమ్మ అప్పటికే తన మూట దగ్గరికి చేరింది. గుడ్లని ముక్కుతో తాకి చూసుకుని, మూట పట్టుకుని గబగబా ఇంటికి నడిచింది. కొండయ్య తేనెపట్టు తీసుకుని, ఒక ముక్క విరిచి నూకాలుకి పెట్టాడు.

బసవయ్య మళ్లీ గుండ్రంగా నడవడం మొదలుపెట్టాడు. ఎడమ చెవి నిలకడగా ఉంది. "ఎనిమిది రెళ్లు?" అన్నాడు ఉన్నట్టుండి. పిల్లలు నాలుక కరుచుకున్నారు.

చుక్కమ్మ కూతుర్ని తీసుకుని వెళ్తుంటే, వాగు దగ్గర జంబులింగం ఎదురు నిలిచాడు.

"చుక్కమ్మా, ఈ అవమానం నేను మర్చిపోను."

"మర్చిపోకు. ఉత్త నేల మీద పడుకుంటే రాళ్లు గుచ్చుకుంటాయి, ఇంకా బాగా గుర్తుంటుంది." చుక్కమ్మ పక్కకి తప్పుకోలేదు. "దారి వదులు జంబులింగం. బడిపిల్ల వెళ్తోంది."

జంబులింగం దారి వదిలాడు.

కానుకల పట్టిక చేతికొస్తే, ముందు అది ఎవరి నోటికి సరిపోతుందో చూడండి.